ఉంగరము సాక్షి, మాట వ్రతము

శ్రీ ఖాద్రీ లక్ష్మీనరసింహాయ నమః

ఆమడగూరు నుండి కదిరికి, అచటి నుండి హిందూపురమునకో బెంగళూరునకో చదువుల నిమిత్తము వెళ్ళు యువతీయువకుల వ్రేళ్ళపై ఈ మధ్య ఒక క్రొత్త ఉంగరము కనబడుచున్నది. అది తల్లి చేయించినది కాదు. నిశ్చితార్థమున పెట్టినది కాదు. గ్రహశాంతికై ధరించిన రత్నమును కాదు. చదువు ముగిసి ఉద్యోగము వచ్చిన పిమ్మట నిన్నే పెండ్లాడెదనని ఒకరు మరియొకరికి మాట ఇచ్చి తొడిగిన సన్నని వెండి ఉంగరము. దానిని వారు ప్రామిస్ రింగ్ అందురు. తెలుగున చెప్పవలెనన్న అది మాట ఉంగరము.

ఇంటి పెద్దలలో కొందరు దానిని చూచి పరదేశపు వెర్రి అని త్రోసివేయుదురు. కొందరు భయపడి ఆ ఉంగరమును లాగివేయుదురు. ఆడపిల్ల అయినచో ఉంగరముతో పాటు చదువును కూడ మాన్పించుదురు. ఉంగరము తీసినంత మాత్రమున మాట పోవునా? ఉంగరము పెట్టినంత మాత్రమున మాట నిలుచునా? ఈ రెండు ప్రశ్నలును క్రొత్తవి కావు. మన ఇతిహాసములును, కావ్యములును, ధర్మశాస్త్రములును వీనిని ఎంతో కాలము క్రిందటనే విచారించినవి. ఆ విచారణ క్రమమును ఎరిగినచో పెద్దల భయమునకును పిల్లల నమ్మకమునకును నడుమ ఒక త్రోవ కనబడును.

ముద్రిక అనగా ఏమి?

సంస్కృతమున ఉంగరమునకు అంగుళీయకమనియు, ముద్రిక అనియు పేర్లు కలవు. అంగుళీయకమనగా వ్రేలికి చెందినది. ఆ పేరు అలంకారమును సూచించును. ముద్రిక అనగా ముద్ర వేయునది. ఆ పేరు అధికారమును సూచించును. తెలుగున ముద్దుటుంగరమనునది ఈ రెండవదే. పూర్వకాలమున రాజు వ్రేలి ఉంగరము ఆయన చేవ్రాలుతో సమానము. అది ఎవరి చేతనున్నదో వారు రాజు పక్షమున మాటాడుచున్నారని లోకము గ్రహించెడిది.

శ్రీమద్రామాయణమున కిష్కింధాకాండయందు శ్రీరామచంద్రుడు తన నామము చెక్కిన ఉంగరమును హనుమంతుని చేత పెట్టుట సర్వజనవిదితము. సుందరకాండను పారాయణ చేయువారు గమనింపదగిన సూక్ష్మము ఒకటి ఇందు కలదు. అశోకవనమున హనుమంతుడు సీతమ్మను చూచిన వెంటనే ఉంగరమును చూపలేదు. మొదట చెట్టుకొమ్మలలో నుండియే రామకథను మధురముగ వినిపించెను. తరువాత ఆమె అనుమానించి ప్రశ్నింపగా, రాముని అవయవలక్షణములను, స్వభావమును, సుగ్రీవునితోడి స్నేహమును సవిస్తరముగ వర్ణించెను. ఆమె మనస్సు కుదుటపడిన పిమ్మటనే ముద్రికను సమర్పించెను. సన్న్యాసివేషమును నమ్మి మోసపోయిన తల్లి ఆమె. కేవలము ఒక వస్తువును చూచి నమ్మదని ఆ బుద్ధిమంతునకు తెలియును. కనుక అచట ముందు వాక్కు, వెనుక ముద్రిక. మాట కట్టిన నమ్మకమును ఉంగరము స్థిరపరచినదే గాని తాను స్వయముగ నమ్మకమును పుట్టింపలేదు.

ఈ క్రమము తలక్రిందులైనచో ఏమగునో విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకము చూపుచున్నది. నందుల మంత్రియైన రాక్షసుడు నగరమును విడిచిపోవునపుడు ఆయన భార్య ఎడబాటు దుఃఖమునకు ఓదార్పుగా భర్త వ్రేలి ఉంగరమును తన కడ ఉంచుకొనెను. అది పురుషుని వ్రేలికి చేసిన ఉంగరము, ఆమెకు వదులు. బయటికి పరుగిడిన పసివానిని లోనికి లాగు తొందరలో అది జారి గడప దాటి దొర్లినది. చాణక్యుని చారుడు దానిని గ్రహించెను. ఆ పిమ్మట చాణక్యుడు ఒక కపటలేఖకు ఆ ముద్రను వేయించి రాక్షసుని పక్షమును విచ్ఛిన్నము గావించెను. ప్రేమకు గురుతుగా ఇంట నిలిచిన వస్తువే పరుల చేత అబద్ధమునకు ఆధారమైనది. వస్తువునకు విశ్వాసము తెలియదు. పట్టినవాని చేతికి లోబడును.

పెనుకొండ సీమవారికి ఈ విషయము గ్రంథములలోనిది మాత్రమే కాదు. క్రీ.శ. 1530ల నడుమ విజయనగరమున నివసించిన పోర్చుగీసు గుర్రపు వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ తాను చూచిన రాచరిక మర్యాదను వ్రాసి ఉంచెను. రాజు స్వయముగ చేవ్రాలు చేయడట. ఆయన చేసిన అనుగ్రహమును లేఖకులు తమ పుస్తకములలో వ్రాసికొందురు. అనుగ్రహమును పొందినవానికి రాజు ఉంగరముతో మైనముపై వేసిన ముద్ర ఇయ్యబడును. ఆ ఉంగరము మంత్రి వద్ద ఉండును. ఇచట కూడ ఉంగరము ఒంటరిది కాదు. రాజు నోటిమాట ఒకటి, లేఖకుని వ్రాత ఒకటి, మంత్రి అధీనమున ఉన్న ముద్ర ఒకటి. ఈ మూడును కలిసినపుడే ఆ మాటకు రాజ్యమున చెల్లుబడి. 1565 నాటి యుద్ధానంతరము రాజధాని పెనుకొండకు వచ్చినది. ఈ కొండ నీడను బ్రతికినవారి పూర్వులకు ముద్ర విలువ ఎట్టిదో, దాని వెనుక సాక్షులు ఎందరుండవలెనో చక్కగ తెలియును.

శకుంతల కథలో ఉంగరము ఎప్పుడు వచ్చినది?

ఏకాంతమున యువతీయువకులు ఇచ్చిపుచ్చుకొను మాటను గూర్చి విచారించువారికి శకుంతలోపాఖ్యానమే ప్రధానమైన ఉదాహరణము. అయితే చాలమంది మరచిన విషయము ఒకటి కలదు. వ్యాసభారతమున ఆదిపర్వమందలి శకుంతల కథలో ఉంగరము లేదు. దుర్వాసుని శాపమును లేదు. ఆ రెండును మహాకవి కాళిదాసు కల్పనలు.

వ్యాసుని శకుంతల తండ్రి వచ్చువరకు ఆగుమని దుష్యంతుని కోరెను. రాజు గాంధర్వవిధిని వివరించి ఒప్పింపగా, ఆమె ఒక నియమము పెట్టెను: తనకు పుట్టు కుమారుడే యువరాజు కావలెను. రాజు సరే అనెను. సేనను పంపి పిలిపించుకొందునని చెప్పి వెళ్ళెను. సంవత్సరములు గడచినవి, ఎవరును రాలేదు. కొడుకును వెంటబెట్టుకొని ఆమె సభకు పోగా, రాజు అన్నియు జ్ఞాపకము ఉండియే ఎరుగనని పలికెను. శాపము లేదు, మరపు లేదు. లోకము ఏమనుకొనునో అను భయము మాత్రమే ఉన్నది. అశరీరవాణి సత్యమును చాటిన పిదప ఆయనయే ఆ సంగతిని ఒప్పుకొనెను: ఈమె మాటను మాత్రమే నమ్మి స్వీకరించి ఉన్నచో ప్రజలు శంకింతురని తలచితినని.

ఈ సభలో శకుంతల పలికిన ధర్మోపదేశము తెలుగువారికి నన్నయ భట్టారకుని నోట లభించినది. పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని ఆస్థానమున ఆయన ఆంధ్రీకరించిన ఆ ఘట్టమును పాఠశాలలో చదువని తెలుగువాడు అరుదు. నూరు బావులకంటె ఒక దిగుడుబావి మేలు, అట్టి నూరింటికంటె ఒక యజ్ఞము మేలు, నూరు యజ్ఞములకంటె ఒక పుత్రుడు మేలు, నూర్గురు పుత్రులకంటె ఒక సత్యవాక్యము మేలు అని ఆ ఉపదేశ తాత్పర్యము. అంతకుముందే ఆమె మరియొక మాటను కూడ చెప్పెను. ఎవరును చూడలేదని తలచుట అవివేకము. సూర్యచంద్రులు, వాయువు, అగ్ని, ఆకాశము, భూమి, జలము, తన హృదయము, యముడు, పగలు, రాత్రి, సంధ్యలు, ధర్మము మానవుని నడతను ఎల్లప్పుడు చూచుచునే ఉందురని. ఏకాంతమున ఇచ్చిన మాటకు సాక్షి లేదనువానికి ఇంతకుమించిన సమాధానము లేదు. వ్యాసుని శకుంతలకు ఉంగరముతో పనిలేకపోవుటకు కారణము ఇదియే. సాక్షులు ఆమెకు లేకపోలేదు; రాజునకు వారిని అంగీకరించు ధైర్యము లేకపోయినది.

కాళిదాసు ఆ కథను మృదువు చేసెను. ఆయన దుష్యంతుడు తన నామాక్షరములు చెక్కిన ఉంగరమును శకుంతల వ్రేలికి తొడిగి, దినమునకు ఒక్కొక్క అక్షరమును లెక్కించుము, అక్షరములు ముగియునప్పటికి నిన్ను కొనిపోవువారు వత్తురని పలికెను. నేటి మాట ఉంగరమునకు ఇంతకంటె దగ్గరి పోలిక మన వాఙ్మయమున లేదు. వియోగమున కాలమును లెక్కించుటకు ఒక వస్తువు, దానిపై ఒక పేరు, దాని వెనుక ఒక గడువు. ఆ గడువు దాటినది. శాపవశమున రాజు మరచెను. తీర్థజలమునకు నమస్కరించు వేళ ఉంగరము నీట జారిపోయినది. సభలో ఆమె తన వ్రేలిని తడవుకొనగా అది శూన్యము. చివరకు ఒక జాలరి చేపకడుపున దానిని కనుగొనగా రాజునకు స్మృతి కలిగెను, పశ్చాత్తాపము కలిగెను.

ఇంతవరకు అందరికిని తెలిసినదే. అయితే ఏడవ అంకమున, మారీచాశ్రమమున పునస్సమాగమము జరిగిన వేళ, రాజు ఆ ఉంగరమును మరల శకుంతలకు తొడుగబోగా ఆమె ఏమనెను? దానిని తాను ఇక నమ్మననియు, ఆర్యపుత్రుడే దానిని ధరించవలెననియు పలికెను. భర్తను క్షమించినది, ఉంగరమును మాత్రము స్వీకరింపలేదు. ఉంగరముపై పెట్టిన విశ్వాసము ఎంతటి దుఃఖమును తెచ్చునో అనుభవించిన స్త్రీ పలికిన మాట అది. మాటను గుర్తుంచుకొనవలసిన భారము మాట ఇచ్చినవానిది. పుచ్చుకొన్నదాని వ్రేలిది కాదు. కనుక గురుతు ఎవరి వ్రేలికి ఉండవలెనో ఆమె సరిగనే నిర్ణయించెను.

తాంబూలము, వాగ్దానము

తెలుగునాట వైదికులలో అధికసంఖ్యాకులు అనుసరించు ఆపస్తంబ గృహ్యసూత్రమున వివాహమునకు ముందు జరుగు కార్యము ఏది? వరుడు తన మేలు కోరు మిత్రులను, మంత్రజ్ఞులను కన్యను అడుగుటకు పంపవలెనని సూత్రకారుడు విధించెను. మాట అడుగుటయే నలుగురి నోట అడుగుట. అట్లని ఆ ఋషి హృదయము లేనివాడు కాడు. కన్యాలక్షణములను ఎన్నింటినో చెప్పిన తరువాత, ఎవతెయందు మనస్సును చూపును లగ్నమగునో ఆమెయందే అభ్యుదయము, ఇతరములను పట్టించుకొన పనిలేదని కొందరి మతముగ పేర్కొనెను. అనురాగమును మన సూత్రకారులు పాపమని అనలేదు. అనురాగమునకు నలుగురి సాక్ష్యమును జోడింపుమనిరి.

ఆ సాక్ష్యమునకు తెలుగువారు పెట్టుకొన్న గురుతు తాంబూలము. సీమ వాడుకలో వక్కాకు. ఆకు, వక్క, పసుపు, కుంకుమ, ఫలము, లగ్నపత్రిక పెద్దల చేతులు మారగానే మాట స్థిరపడినట్లే. దాని బలము ఎంతటిదో ఎరుగుటకు గురజాడ కన్యాశుల్కము చాలును. తాంబూలములు ఇచ్చితినను ఒక్క కారణముతో అగ్నిహోత్రావధానులు ఇంటిల్లిపాది మొరను కాలదన్నును. పెద్దల సాక్ష్యము కూడ ధర్మము తప్పినచో పిల్లకు ఉరి అగునని ఆ నాటకము నేర్పిన పాఠమును కూడ మరువరాదు.

నిశ్చితార్థమున ఉంగరములను మార్చుకొనుట ఈ క్రమములోనికి ఇటీవల వచ్చి చేరినది. గృహ్యసూత్ర వివాహప్రయోగమున ఉంగరముల మార్పిడికి విధి లేదు. పాణిగ్రహణము కలదు, సన్నికల్లు తొక్కించు అశ్మారోహణము కలదు, సప్తపది కలదు, ధ్రువారుంధతీ దర్శనము కలదు. మన పెండ్లిలో ఉంగరము కనబడునది వినోదమునకు: బిందెలోని నీటిలో వేసిన ఉంగరమును వధూవరులు పోటీపడి వెదకుదురు. స్త్రీ ధరించు వివాహచిహ్నములలో వలయాకారమైనది మెట్టె. అది చేతి వ్రేలికి గాక కాలి వ్రేలికి. ఏడడుగులు నడచిన పాదమునకే ఆ గౌరవము దక్కుట యుక్తము.

పెండ్లికి ముందటి మాటను తప్పినచో ఏమి గతి? ఇందును శాస్త్రము మౌనము వహింపలేదు. మహాభారతమున సావిత్రి, సత్యవంతునకు ఒక్క సంవత్సరమే ఆయుర్దాయమని నారదుని వలన వినియు, ఇత్తునను మాట ఒక్కసారియే చెప్పబడునని పలికి తన ఎన్నికను మార్చుకొనలేదు. అది ఆదర్శము. వ్యవహారమున యాజ్ఞవల్క్యస్మృతి మరింత వివరముగ మాటాడును. కన్యను ఇత్తునని చెప్పి కారణము లేక వెనుదీసినవాడు దండనీయుడు. అవతలివారికి అయిన వ్యయమును వడ్డీతో సహ చెల్లింపవలెను. దోషమును దాచి పిల్లను ఇచ్చినవాడు దండనీయుడు. దోషము లేని కన్యను విడిచినవాడు దండనీయుడు. లేని దోషమును అంటగట్టి ఆమెను నిందించినవానికి నూరు పణముల దండనము. ఈ స్మృతికి కల్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు మితాక్షర అను వ్యాఖ్యను రచించెను. పదమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన దానిని ఆధారము చేసికొని విజ్ఞానేశ్వరీయమును తెలుగు పద్యములలో సంతరించెను. అనగా, ఈ ధర్మమును సామాన్య తెలుగు పాఠకుడు కూడ తెలిసికొనవలెనని ఏడువందల ఏండ్ల క్రిందటనే పెద్దలు తలచిరి.

ఇందలి రెండు అంశములు నేటి యువత విషయమున ప్రత్యేకముగ ఆలోచింపదగినవి. మొదటిది, మాట తప్పుటను స్మృతికారుడు కేవలము మనస్తాపముగ చూడలేదు, నష్టముగ లెక్కించెను. ఒకరి మాటను నమ్మి మరియొకరు తమ కాలమును, అవకాశములను వెచ్చింతురు. రెండవది, విడిపోయిన పిమ్మట ఆ పిల్లను గూర్చి లేనిపోని మాటలను ప్రచారము చేయుటను ఆయన వేరుగ పేర్కొని వేరుగ దండించెను. నేడు చేతిలోని ఫోనుతో ఒక్క గడియలో ఊరంతటికిని నిందను పంపగలవారు ఈ నియమమును స్మరింపవలెను.

పడమటి ఉంగరము

మాట ఉంగరము పుట్టిల్లు పాశ్చాత్యదేశము. ప్రాచీన రోమనులు పెండ్లికి నిర్ణయమైన కన్యకు ఇనుప ఉంగరమును పంపెడివారని ప్లినీ అను పండితుడు క్రీస్తుశకము మొదటి శతాబ్దమున వ్రాసెను. రాయి పొదుగని వట్టి ఇనుము. తరువాతి శతాబ్దములలో ఆంగ్లేయులు ఉంగరముల లోపలివైపున చిన్న ప్రేమవాక్యములను చెక్కించుకొనెడివారు. 1990ల అమెరికాలో కొన్ని క్రైస్తవ సమాజములు వివాహమువరకు బ్రహ్మచర్యమును పాటింతుమని ప్రతిజ్ఞ చేసిన యువతకు ఉంగరములను ధరింపజేసినవి. కనుక ఆ దేశములందును ఇది కేవలము విలాసము కాదు. అచట కూడ దాని మూలమున ఒక నియమము, ఒక నిగ్రహము కలవు. ఇచ్చటికి వచ్చునప్పటికి నియమము సముద్రమున జారి, వెండి మాత్రము ఒడ్డు చేరినట్లున్నది. శకుంతల ఉంగరము నీట జారినది. ఇచట ఉంగరము మిగిలి, దాని అర్థము నీట జారినది.

దర్భతో చేసిన ఉంగరము

మన ఇండ్లలో వ్రతమునకు ఉంగరము లేదా? కలదు. అది పవిత్రము. సంకల్పము చెప్పుటకు ముందు యజమాని తన అనామికకు దర్భతో ముడివేసిన ఉంగరమును ధరించును. శుభకార్యమునకు రెండు దర్భలు, పితృకార్యమునకు మూడు దర్భలు. అది వ్రేలికి ఎక్కిన తరువాతనే దేశకాలములను, గోత్రనామములను, చేయబోవు కర్మను స్పష్టముగ ఉచ్చరించును. కర్మ ముగియగానే ముడిని విప్పి విడిచివేయును. దేవాలయమున ఉత్సవారంభమున అర్చకుని మణికట్టునకు కట్టు కంకణము కూడ అట్టిదే. దీక్షతో కట్టబడును, దీక్ష ముగియగానే విసర్జింపబడును.

ఈ గడ్డి ఉంగరమును చూచినచో మాట ఉంగరమునకు ఉండవలసిన లక్షణములు అన్నియు తెలియును. సంకల్పమున ఎవరు, ఎచట, ఎప్పటినుండి, ఏమి, ఎందుకు అను అంశములు స్పష్టముగ చెప్పబడును. అస్పష్టమైన సంకల్పము సంకల్పము కాదు. దశరథుడు కైకకు రెండు వరములను గడువు లేక, హద్దు లేక ఇచ్చి ఉంచిన ఫలితమును లోకము ఎరుగును. ఎన్నటికైనను నిన్నే అను మాట వినుటకు తీయనిది; అయితే ఎప్పుడు, ఎట్లు, ఎవరితో చెప్పి అను ప్రశ్నలకు సమాధానము లేనిచో అది దశరథుని వరమువంటిదే. పవిత్రమునకు వెలయును లేదు. గట్టు మీద మొలచిన గడ్డి. అది గొప్పదగుట ధరించినవాని నిష్ఠవలన. అన్నిటికంటె ముఖ్యముగ, దానికి సగౌరవమైన విసర్జనము కలదు. నెరవేర్చలేని మాట అని ఇరువురికిని తెలిసిననాడు నిజము చెప్పి, నింద లేక, ముడి విప్పుట కూడ ధర్మమే. మౌనముగ మాయమగుట, ఫోను ఎత్తకుండుట, ఎరుగననుట దుష్యంతుని మార్గము.

శుక్రుని సలహా, బలి సమాధానము

ఈ సందర్భమున తెలుగునాట తరచుగ అపార్థము చేసికొనబడిన ఒక విషయమును చెప్పక తప్పదు. స్త్రీల విషయమునను, పెండ్లిండ్ల విషయమునను, ప్రాణభయము మొదలగు సందర్భములలోను బొంకవచ్చునను భావముగల పోతన భాగవత పద్యమును ఒప్పజెప్పి, ప్రేమలో అబద్ధమునకు శాస్త్రసమ్మతి కలదని పలుకువారు కలరు. ఆ మాటను ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున పలికిరి? అష్టమస్కంధమున వామనునకు మూడడుగుల నేలను ఇత్తునని మాట ఇచ్చిన బలిచక్రవర్తితో, ఆ మాటను తప్పుమని ప్రోత్సహించుచు శుక్రాచార్యుడు పలికెను. అది విధి కాదు. ఒక రాజగురువు భయముతో చూపిన దొడ్డిదారి. బలి ఆ సలహాను తిరస్కరించెను. ప్రహ్లాదుని వంశమున పుట్టినవాడను, ఇత్తునని పలికి లేదని ఎట్లు అందునని ఆయన భావము. సర్వస్వమును కోల్పోయెను, భగవంతుని అనుగ్రహమును పొందెను. శుక్రుని మాటను గ్రహించి బలి సమాధానమును విడిచినవాడు భాగవతమును సగమే చదివినవాడు.

నేటి రాజశాసనము కూడ శుక్రుని పక్షమున లేదు. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 69వ విభాగము, నెరవేర్చు ఉద్దేశము లేకయే వివాహవాగ్దానము చేసి స్త్రీతో శారీరకసంబంధము నెరపుటను నేరముగ నిర్వచించి, పది సంవత్సరములవరకు శిక్షను విధించినది. మరియొక వైపున, 1955 నాటి హిందూవివాహ చట్టము ప్రకారము వివాహమగుటకు ఆచారసిద్ధమైన కర్మ జరుగవలెను. సప్తపది ఉన్నచోట ఏడవ అడుగుతోనే అది సంపూర్ణమగును. ఏకాంతమున తొడిగిన ఉంగరము వివాహము కాదు, వివాహమునకు ఉన్న హక్కులను ఈయదు. ఉంగరము ఉన్నది గనుక భార్యాభర్తలమే అని నమ్మి హద్దులు దాటిన పిల్లలు ఈ రెండు సత్యములను కలిపి తెలిసికొనవలెను. ఉంగరము తొడిగినవానికి ఎదుటివారి ఫోనుపై, దుస్తులపై, స్నేహములపై అధికారము కూడ రాదు. విజయనగర రాజు ముద్ర అధికారమునకు చిహ్నము; మాట ఉంగరము బాధ్యతకు చిహ్నము. ఈ రెంటిని కలగాపులగము చేసినచోట ప్రేమ పీడనమగును.

అసంపూర్ణ కల్యాణమండపము

హిందూపురమునకు చేరువన లేపాక్షి వీరభద్రాలయమున ఒక కల్యాణమండపము కలదు. అచ్యుతరాయల కాలమున విరుపణ్ణ చేపట్టిన ఆ ఆలయనిర్మాణమున పార్వతీపరమేశ్వరుల కల్యాణమునకు విచ్చేసిన దేవతలును ఋషులును స్తంభములపై మలచబడియున్నారు. మండపమునకు కప్పు మాత్రము పడలేదు. అతిథులు నిలిచియున్నారు, పందిరి పూర్తి కాలేదు. చూచువారెవరును దానిని చూచి నవ్వరు. దాని అందమునకు చేతులు జోడింతురు, అయితే అందు పెండ్లి జరుగదు. యౌవనమున ఇచ్చుకొన్న మాట అట్టి మండపము. అది పవిత్రమే, అందమైనదే. కప్పు వేయవలసినది కాలము, చదువు, స్వయంపోషణ, పెద్దల ఎరుక. అందాక దానిని పూర్తియైన ఇల్లుగ భావించి కాపురము ఉండరాదు. పూర్తికాలేదని పెద్దలు దానిని కూలద్రోయనురాదు.

పిల్లల వ్రేలిపై ఉంగరమును చూచిన తల్లిదండ్రులు ఆ ఉంగరమును లాగుటకు ముందు ఆ మాటను అడుగవలెను. ఏమి మాట ఇచ్చితివి, ఎప్పటికి, ఆ పిల్లవాని ఇంట ఎవరికి తెలియును అని శాంతముగ ప్రశ్నించిన తల్లి, సుహృదులను పంపుమన్న ఆపస్తంబుని మార్గమున నడచినదే. ఆ మాటను ఇంట ఒక్కరికైనను చెప్పగలిగిన పిల్ల ఒంటరి కాదు. ఎవరికిని చెప్పవద్దని ప్రమాణము చేయించుకొనువాని ఉంగరమును మాత్రము సందేహింపవలసినదే. సాక్షులను నివారించువాడు సభలో ఎరుగననుటకు ముందుగనే సిద్ధపడుచున్నాడు.

కదిరి గర్భాలయమున శ్రీ నరసింహస్వామి ప్రహ్లాదసమేతుడై కొలువైయున్నాడు. ఫాల్గుణమాస బ్రహ్మోత్సవములకు ఈ సీమ పల్లెలన్నియు అచటికి తరలును. ఆ స్వామి స్తంభమునుండి ఏల ఆవిర్భవించెను? అంతటను హరి కలడని తన భక్తుడు పలికిన పలుకును సత్యము చేయుటకని భాగవతము చెప్పుచున్నది. ఒక బాలుని నోటి మాటను నిజము చేయుటకై రాతి స్తంభమును చీల్చుకొని వచ్చిన దైవము అది. ఆ ప్రహ్లాదుని పౌత్రుడే బలి. మాటను నిలుపుకొనుట ఆ వంశమునకు తాత ఇచ్చిన ఆస్తి.

ఆమడగూరు యువకుడైనను, యువతియైనను, ఆ సన్నిధికి వెళ్ళి తన వ్రేలి ఉంగరమును కాక తన నాలుకను పరీక్షించుకొనినచో చాలును. తొడిగినవారు దినమునకు ఒకమారు తమ మాటను తామే స్మరింపవలెను. ధరించినవారు ఉంగరమును గాక నడతను చూచి నమ్మవలెను. ఉంగరము అరిగిపోవును, జారిపోవును, తాకట్టునకును పోవును. హృదయమున ఉన్న సాక్షి ఎచటికిని పోడు.

శుభం భూయాత్.